కొవ్వు మానేసినా రక్తంలో కొవ్వు ఎక్కడిది? లివర్‌లో వీఎల్‌డీఎల్ తయారయ్యే తీరు

సుజాత:
నమస్కారం అండి. మా అన్నయ్యకి పరగడుపున చేసిన రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 310 వచ్చింది. దాని కింద వీఎల్‌డీఎల్ 62 అని ఉంది. పరీక్షకి ముందు 12 గంటలు ఏమీ తినలేదు. కొవ్వు పదార్థాలైతే కొన్నాళ్లుగా బాగా తగ్గించేశాడు కూడా. డాక్టరు గారేమో "అది తిన్న కొవ్వు కాదమ్మా, లివర్ తయారుచేసి వదిలింది" అన్నారు. వెనక జనం చాలామంది ఉండటంతో ఇంకేమీ అడగలేకపోయాం. లివర్ రక్తాన్ని శుభ్రం చేస్తుందని విన్నాం గానీ, కొవ్వు తయారుచేయడం ఏమిటి? చేసినా దాన్ని తీసుకెళ్లి రక్తంలో ఎందుకు కలపాలి? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

బయోకెమ్ పంతులు:
సుజాత గారూ, డాక్టరు గారు చెప్పింది నిజమే. తిన్న కొవ్వు పేగుల నుంచి కైలోమైక్రాన్లు అనే పెద్ద రేణువుల్లో రక్తంలోకి వస్తుంది. మామూలుగా 12 గంటలయ్యేసరికి అవి దాదాపు కనిపించకుండా పోతాయి. పరగడుపున రక్తంలో మిగిలే ట్రైగ్లిజరైడ్లలో ఎక్కువ భాగం వీఎల్‌డీఎల్ రేణువుల్లోనే, అంటే కొవ్వును ప్రొటీన్‌తో కలిపి రక్తంలో మోసే రేణువుల్లోనే ఉంటుంది, వీఎల్‌డీఎల్‌ని చేసేది లివరే.

మరి లివర్‌కి ఆ కొవ్వు ఎక్కడిదంటే, అన్నిటికంటే పెద్ద వనరు మన ఒంట్లోని కొవ్వు కణజాలమే. ఉపవాస సమయంలో అది ఫ్యాటీ ఆమ్లాలను రక్తంలోకి వదులుతుంది, వాటిలో కొంత భాగం లివర్ పట్టుకుంటుంది. రెండోది, లివర్ తానే చక్కెరల నుంచి కొత్తగా చేసుకునే కొవ్వు. తిండిలోని కొవ్వు మూడోది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల మీద చేసిన ఒక అధ్యయనం 2005లో వచ్చింది. అందులో లివర్‌లోని ట్రైగ్లిజరైడ్లలో దాదాపు 59% ఒంటి కొవ్వు నుంచి, 26% లివర్ కొత్తగా చేసినది, 15% మాత్రమే తిండి నుంచి వచ్చినదని తేలింది. మీ అన్నయ్య గారు కొవ్వు తగ్గించినా అంకె ఎందుకు దిగలేదో ఇందులోనే చాలావరకు ఉంది.

ఇక ఎందుకు వదలాలి అంటారా? కండరాలకీ గుండెకీ అది ఇంధనం. పైగా వచ్చిన కొవ్వునంతా లివర్ తనలోనే ఉంచుకుంటే దానికే చేటు. కాబట్టి బయటికి పంపడం జబ్బు కాదు, లివర్ రోజూ చేయాల్సిన పని. ఎంత పంపుతోందన్నదే ప్రశ్న.

మెడికో మొదటి ఏడాది:
పంతులు గారూ, నాదీ ఇదే దారంలో ఒక సందేహం సార్. మా పుస్తకంలో లివర్ బొమ్మ, దాని నుంచి ఒక బాణం, బాణం చివర వీఎల్‌డీఎల్ అని రాసి వదిలేశారు. ఆ బాణం లోపల ఏం జరుగుతుంది? నూనె నీళ్లలో కలవదు కదా. కణం లోపల ఎక్కడ, ఎవరు, ఎలా ప్యాక్ చేస్తారు?

ల్యాబ్ కోటు:
నేను కొన్నేళ్లుగా లివర్ కణాల మీదే పనిచేస్తున్నాను, ఈ ప్రశ్నకి కాస్త పొడుగ్గానే జవాబు రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అంతా అపో బి-100 అనే ఒక్క ప్రొటీన్ చుట్టూ తిరుగుతుంది. 4,536 అమైనో ఆమ్లాల గొలుసు అది. మన ఒంట్లో తయారయ్యే పెద్ద ప్రొటీన్లలో ఒకటి. ప్రొటీన్లు అల్లే యంత్రం లాంటి రైబోజోమ్ ఒకటి దాన్ని మొదటి నుంచి చివరిదాకా అల్లడానికి పది నిమిషాలకు పైనే పడుతుంది. అల్లుతూ ఉండగానే ముందు భాగం ఎండోప్లాస్మిక్ రెటిక్యులం (కణంలోని పొరల గదులు) లోపలికి దూరుతూ ఉంటుంది. ఈ గొలుసులో నీళ్లంటే పడని, కొవ్వుకు అతుక్కునే భాగాలు చాలా ఎక్కువ. అవి నీళ్లలో విడిగా నిలబడలేవు. అందుకని గొలుసు లోపలికి వస్తుండగానే దాని మీద కొవ్వు ఎక్కాలి. ఆ పని చేసేది ఎంటీపీ, అంటే మైక్రోసోమల్ ట్రైగ్లిజరైడ్ ట్రాన్స్‌ఫర్ ప్రొటీన్. అది పొర దగ్గర నుంచి ట్రైగ్లిజరైడ్ అణువులను తెచ్చి అపో బికి అందిస్తుంది. పూర్తయ్యేసరికి అపో బి ఆ కొవ్వు బొట్టు చుట్టూ వడ్డాణంలా పట్టి ఉంటుంది. ఒక రేణువుకి ఒకే అపో బి. అది లివర్‌లో ఎక్కినప్పటి నుంచి ఎల్‌డీఎల్‌గా (చెడు కొలెస్ట్రాల్ అనే రేణువుగా) మారి కణాల్లోకి పోయేదాకా ఆ రేణువును వదలదు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే విషయం ఇక్కడుంది. కొవ్వు అందకపోతే ఆ గొలుసు లోపలికి దూరుతూ దూరుతూ మధ్యలో ఆగిపోతుంది. బయట, సైటోసాల్ (కణంలోని ద్రవం) వైపు మిగిలిపోయిన ముక్కకి యుబిక్విటిన్ అనే 'పారేయాలి' గుర్తు తగిలిస్తారు, ప్రోటియాసోమ్ అనే కోత యంత్రం దాన్ని ముక్కలు చేసేస్తుంది. చాలాసార్లు అల్లిక పూర్తి కాకముందే ఈ తొలగింపు మొదలైపోతుంది. అపో బి ఎంఆర్‌ఎన్‌ఏ (జన్యువు నుంచి వచ్చే తయారీ నకలు) మాత్రం పెద్దగా మారదు. అంటే లివర్ ఎప్పుడూ అపో బి అల్లుతూనే ఉంటుంది. ఎంత బయటికి వెళ్తుందనేది ఎంత మిగిలింది అన్నదాని మీద ఆధారపడుతుంది, ఎంత మిగలాలన్నది ఆ సమయానికి అందుబాటులో ఉన్న కొవ్వు తేలుస్తుంది.

మెడికో మొదటి ఏడాది:
ఇది ఎలా తెలిసింది సార్? తయారై నాశనమైపోయేదాన్ని ఎలా చూస్తారు?

ల్యాబ్ కోటు:
హెప్‌జీ2 అనే లివర్ కణాలను డిష్‌లో పెంచుతారు. వాటికి రేడియోధార్మిక మెథియోనిన్‌ను (ఒక అమైనో ఆమ్లం) కొన్ని నిమిషాలు మాత్రమే ఇస్తారు. ఆ కొద్ది సమయంలో తయారైన ప్రొటీన్లే గుర్తు పడతాయి. తర్వాత మామూలు మెథియోనిన్ పోసి, 10 నిమిషాలకి ఒక డిష్, 30 నిమిషాలకి ఒకటి, గంటకి ఒకటి తీసి, కణాల్లోని అపో బినీ బయటి ద్రవంలోని అపో బినీ విడివిడిగా యాంటీబాడీతో పట్టి, ప్రొటీన్లను పరిమాణం బట్టి విడదీసే జెల్ మీద నడుపుతారు. ఇంత పెద్ద ప్రొటీన్ కాబట్టి జెల్ పైభాగంలోనే, ఎక్కించిన గుంటకి దగ్గరగా చార కనిపిస్తుంది. కణాల చార క్రమంగా వెలిసిపోతుంది. బయటి ద్రవంలో చార వస్తుంది గానీ, లోపల పోయినంత బయట తేలదు. ఆ తేడాయే నాశనమైన భాగం.

ఇప్పుడు అవే కణాలకి ఓలియిక్ ఆమ్లం (ఒక ఫ్యాటీ ఆమ్లం) కలిపి మళ్లీ చేయండి. ఎంఆర్‌ఎన్‌ఏ అంతే ఉంటుంది, బయటి చార మాత్రం ముదురుతుంది. ప్రోటియాసోమ్‌ను ఆపే మందు వేస్తే లోపలి చార వెలవకుండా నిలుస్తుంది. ఈ రెండు జెల్‌లు పక్కపక్కన పెట్టుకుని చూస్తే వేరే వివరణ అక్కర్లేదు.

సుజాత:
చదివాను అండి. సగమే అర్థమైనా, ఒక్కటి మాత్రం మనసులో నిలిచిపోయింది. అంత కష్టపడి చేసిన ప్రొటీన్‌ని తనే పాడుచేసుకోవడం దేనికి? అవసరమైనప్పుడే చేసుకోవచ్చు కదా.

బయోకెమ్ పంతులు:
చాలా మంచి ప్రశ్న అమ్మా. అపో బి ఎంఆర్‌ఎన్‌ఏ చాలా గంటలు నిలుస్తుంది. జన్యువు స్థాయిలో పెంచడం, తగ్గించడం అంటే ఫలితం కనిపించడానికి గంటలు పడుతుంది. లివర్‌కి కొవ్వు రావడమేమో నిమిషాల్లో మారుతుంది. సిద్ధంగా అల్లుతూ ఉండి, కొవ్వు ఉంటే పంపడం, లేకపోతే తొలగించడం అయితే వెంటనే సర్దుకోవచ్చు. వృథా అనిపించినా, కొవ్వు పేరుకుపోతుంటే పంపడానికి ప్రొటీన్ లేని పరిస్థితి రాదు. ఇది నా అభిప్రాయం. మిగతావాళ్లు వేరేలా చూడొచ్చు.

పాతకాపు:
సుజాత గారు, నేను చాలాకాలంగా ప్రాక్టీసులో ఉన్న ఫిజీషియన్‌ని. మీ రిపోర్టులో వీఎల్‌డీఎల్ 62 అని ఉంది కదా, ఒకసారి 310ని 5తో భాగించి చూడండి. సరిగ్గా 62. అంటే మీ అన్నయ్య వీఎల్‌డీఎల్‌ని ల్యాబ్‌లో ఎవరూ కొలవలేదు. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగించి అక్కడ రాసేశారు. అది 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం. ఎల్‌డీఎల్ కూడా చాలా ల్యాబ్‌ల్లో ఆ లెక్క నుంచే తీస్తారు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ లెక్క అసలు పనికిరాదు. 310 దగ్గర కూడా నేను దాన్ని పూర్తిగా నమ్మను. అపో బి పరీక్ష చేయించమని అడగండి. పైన ల్యాబ్ కోటు గారు చెప్పినట్టు రేణువుకి ఒక్కటే అపో బి కాబట్టి, అపో బి కొలిస్తే రక్తంలో తిరుగుతున్న అలాంటి రేణువులు ఎన్ని ఉన్నాయో తెలిసినట్టే.

ఇంకొకటి, షుగర్ పరీక్ష చేయించారా? నడుము చుట్టుకొలత ఎంత? ఇది మీరు ఇక్కడ చెప్పనక్కర్లేదు, మీ డాక్టరుకి చెప్పండి. ఇన్సులిన్ సరిగా పనిచేసే మనిషిలో భోజనం తర్వాత ఇన్సులిన్ పెరగగానే రెండు జరుగుతాయి. ఒంటి కొవ్వు నుంచి ఫ్యాటీ ఆమ్లాలు రావడం తగ్గుతుంది, లివర్ పెద్ద వీఎల్‌డీఎల్ రేణువులను వదలడం కూడా తగ్గుతుంది. ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్ మాట ఒళ్లు సరిగా వినకపోవడం) వస్తే ఈ బ్రేకు పట్టదు. విచిత్రం ఏమిటంటే అదే లివర్‌లో చక్కెర నుంచి కొవ్వు చేయమనే ఇన్సులిన్ ఆదేశం మాత్రం బాగానే నడుస్తూ ఉంటుంది. ఫ్యాటీ ఆమ్లాల రాక ఆగదు, కొత్త కొవ్వు తయారీ ఆగదు, ఎగుమతి ఆగదు. డయాబెటిస్ అంచున ఉన్నవాళ్లలో ఇలాంటి రిపోర్టులు నేను నిత్యం చూస్తుంటాను.

సుజాత:
62 లెక్క చూసి అందరం ఆశ్చర్యపోయాం అండి. షుగర్ పరీక్ష రేపే చేయిస్తాం.

చదువరి:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇదంతా చదివితే దీనికి మందు తేలికే అనిపిస్తోంది. ఆ ఎంటీపీని ఆపేస్తే సరి. రేణువు తయారు కాదు, రక్తంలోకి రాదు, ఎల్‌డీఎల్ కూడా పుట్టదు.

ల్యాబ్ కోటు:
ఆ మందు ఉంది చదువరి గారూ. పేరు లోమిటాపైడ్, అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. రక్తంలో ఎల్‌డీఎల్ బాగానే తగ్గుతుంది. కానీ బయటికి పోవాల్సిన కొవ్వు లివర్‌లోనే నిలిచిపోతుంది. అందుకే దాన్ని అందరికీ ఇవ్వరు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం వచ్చి, చిన్న వయసులోనే విపరీతమైన ఎల్‌డీఎల్ ఉండే అరుదైన వంశపారంపర్య జబ్బుకే పరిమితం.

అసలు ప్రకృతే ఈ ప్రయోగం చేసి చూపించింది. ఎబీటాలిపోప్రోటీనీమియా అనే జబ్బుని 1950లో బాసెన్, కార్న్‌జ్వైగ్ వర్ణించారు. ఆ పిల్లల్లో ఎర్రకణాలు ముళ్లు మొలిచినట్టు కనిపిస్తాయి, తిన్న కొవ్వు ఒంటికి పట్టదు, విటమిన్ ఇ అందక నరాలూ కంటి రెటీనా దెబ్బతింటాయి. రక్తంలో అపో బి ఉన్న రేణువులే ఉండవు. చాలాకాలం తప్పు అపో బి జన్యువులోనే ఉందనుకున్నారు. ఆ పిల్లల్లో లేనిది ఎంటీపీ అని 1992లో తేలింది. పేగుకీ లివర్‌కీ రెండిటికీ ఎంటీపీ కావాలి కాబట్టి రెండు చోట్లా పని ఆగిపోయింది.

ఇంకో ఉదాహరణ టీఎం6ఎస్‌ఎఫ్2 జన్యువు. అందులో ఒక రకం మార్పు ఉన్నవాళ్లలో లివర్ కొవ్వు ఎక్కువ, రక్తంలో కొవ్వు తక్కువ. 2014లో ఇది బయటపడింది. వాళ్ల రక్తపరీక్ష చూసి "చాలా బాగుంది" అనేయొచ్చు, లివర్ మాత్రం దెబ్బతింటూ ఉంటుంది. రక్తంలో అంకె తగ్గడమొక్కటే గెలుపు అనుకోవడం నాకు నచ్చదు. ఎక్కడ తగ్గింది, ఆ కొవ్వు ఎటు పోయింది అని కూడా అడగాలి.

పాతకాపు:
అక్కడ మీతో కొంచెం తేడా ఉంది. మీరు చెప్పిన జన్యుమార్పు ఉన్నవాళ్లలో గుండె రక్తనాళాల జబ్బు తక్కువగానే కనిపిస్తోంది. రక్తంలో అపో బి రేణువులు తగ్గితే రక్తనాళాలకి మేలు జరుగుతుందన్నది తిరుగులేని విషయం. నా పేషెంట్లలో చాలామందిని ముందు భయపెట్టేది గుండెపోటే. లివర్‌ని చూసుకోవాలి, కాదనను. కానీ రక్తంలోని అంకెను తక్కువ చేసి మాట్లాడితే జనం మందులు మానేసే ప్రమాదం ఉంది.

ల్యాబ్ కోటు:
మందులు మానమని నేననలేదు సార్, ఎవరూ మానొద్దు కూడా. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు ఎంటీపీని ఆపవు. అవి ముఖ్యంగా లివర్ కణాల మీద ఎల్‌డీఎల్ రిసెప్టర్లను పెంచి, రక్తంలోని రేణువులను వెనక్కి లాగేలా చేస్తాయి. బయటికి వెళ్లే దారి మూయడం వేరు, వెళ్లినదాన్ని త్వరగా తీసేయడం వేరు. నా మాట మొదటి దాని గురించే.

మెడికో మొదటి ఏడాది:
ఫ్యాటీ లివర్ అంటే పంపలేక పేరుకుపోవడమే అని మా క్లాసులో ఒకరు అన్నారు. కరెక్టేనా?

బయోకెమ్ పంతులు:
మామూలు ఫ్యాటీ లివర్‌లో అది సగం మాటే. ఆ లివర్ తక్కువ పంపదు, ఎక్కువే పంపుతుంది. కానీ కొవ్వు పెరుగుతున్న కొద్దీ ఎగుమతి కూడా పెరుగుతూనే పోదు. మనుషుల్లో కొలిచినప్పుడు లివర్ కొవ్వు సుమారు 10% దాటాక ఎగుమతి అక్కడే ఆగిపోయినట్టు కనిపించింది. పైగా రేణువుల సంఖ్య పెద్దగా పెరగలేదు, ఒక్కో రేణువులో నింపిన కొవ్వు పెరిగింది. రాబడి పోకడని మించిపోయింది, అంతే.

నిజంగా పంపలేని సందర్భాలూ ఉన్నాయి. కోలీన్ అనే పోషకం లోపం చూడు. రేణువు పైపొరకి ఫాస్ఫటిడైల్‌కోలీన్ కావాలి. అది చాలకపోతే వీఎల్‌డీఎల్ సరిగా తయారు కాదు, లివర్‌లో కొవ్వు పేరుకుంటుంది. ఇన్సులిన్ పరిశోధనలో పేరొందిన ఛార్లెస్ బెస్ట్ బృందం 1930లలో ఈ దారిలోనే కోలీన్ ప్రాముఖ్యాన్ని పట్టుకుంది. క్లోమం తీసేసిన కుక్కలకి ఇన్సులిన్ ఇచ్చి బతికించినా లివర్ కొవ్వుతో నిండిపోయేది. లెసిథిన్ ఇస్తే తగ్గింది. లెసిథిన్‌లో పనిచేసింది కోలీన్ అని తర్వాత తేల్చారు.

మెడికో మొదటి ఏడాది:
థాంక్యూ సార్. ల్యాబ్ కోటు గారూ, అపో బి మీద కొవ్వు ఎక్కాక అది నేరుగా బయటికి వచ్చేస్తుందా?

ల్యాబ్ కోటు:
లేదు, ఇంకా పని ఉంది. మొదట తయారయ్యేది చిన్న రేణువు, అందులో కొవ్వు తక్కువ. తర్వాత దానికి ఇంకా చాలా కొవ్వు చేరితేనే పెద్ద వీఎల్‌డీఎల్ అవుతుంది. ఈ రెండో విడత ఎక్కడ పూర్తవుతుందన్న దాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి. కొందరు రెటిక్యులంలోనే అంటారు, కొందరు గొల్జీ (కణంలో ఆ తర్వాతి ప్యాకింగ్ గది) దాకా సాగుతుందంటారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సైటోసాల్‌లో నిలవున్న కొవ్వు బొట్టు ఉన్నపళంగా రేణువులోకి దూరదు. ముందు దాన్ని విడగొట్టి, రెటిక్యులం పొర దగ్గర మళ్లీ ట్రైగ్లిజరైడ్‌గా కట్టి, అప్పుడు లోపలికి చేరుస్తారు.

రెటిక్యులం నుంచి గొల్జీకి ప్రయాణం కూడా అంత తేలిక కాదు. మామూలు ప్రొటీన్లను మోసే కాప్-2 సంచులు 60 నుంచి 80 నానోమీటర్లుంటాయి. పెద్ద వీఎల్‌డీఎల్ రేణువే 80 దాకా ఉంటుంది. అందుకని దీనికి ప్రత్యేకంగా పెద్ద సంచులు ఏర్పడతాయి. గొల్జీలో చక్కెర తొడుగులు సరిచేసుకుని, అక్కడి నుంచి పొర దగ్గరికి వెళ్లి, లివర్ కణానికీ రక్తనాళానికీ మధ్య ఉండే డిస్సే ఖాళీలోకి వదిలేస్తారు. లివర్‌లో ఈ సన్న నాళాల గోడకి కన్నాలుంటాయి, కింద గట్టి ఆధార పొర ఉండదు. అంత పెద్ద రేణువు రక్తంలోకి జారిపోగలిగేది అందుకే.

ఆ తర్వాత కథ మీ పుస్తకంలో ఉంటుంది. కండరాల్లోని, కొవ్వు కణజాలంలోని సన్న నాళాల గోడల మీద లిపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ ట్రైగ్లిజరైడ్లను కోసుకుంటుంది, రేణువు చిక్కిపోతుంది, కొన్ని లివర్‌కి వెనక్కి వెళ్తాయి, మిగిలినవి ఎల్‌డీఎల్ అవుతాయి.

చదువరి:
మరి మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ కూడా ఇలాగేనా?

బయోకెమ్ పంతులు:
కాదు. హెచ్‌డీఎల్‌లోని ముఖ్య ప్రొటీన్ అపో ఎ-1ని లివర్, పేగు దాదాపు ఖాళీగానే బయటికి వదులుతాయి. అది కణం బయటి పొర మీద ఏబీసీఏ1 అనే ప్రొటీన్ దగ్గర కొవ్వు అందుకుని రేణువుగా మారుతుంది. లోపల ప్యాకింగ్ లేదు. దాని గురించి వేరే దారం మొదలుపెడితే అక్కడ రాస్తాను.

వైరస్ వేట:
ఒక్క మాట చేర్చాలనిపించింది. హెపటైటిస్ సి వైరస్ ఈ దారినే వాడుకుంటుంది. కొవ్వు బొట్ల దగ్గర కూడి, వీఎల్‌డీఎల్ తయారీతో పాటు లిపోప్రోటీన్‌తో జతపడి బయటికొస్తుంది. రోగి రక్తంలో దాని సాంద్రత అంత తక్కువగా ఉండటానికి కారణం అదే.

సుజాత:
అన్నయ్య షుగర్ ఫలితం వచ్చింది అండి. మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 6.1. ప్రీడయాబెటిస్ అన్నారు. పాతకాపు గారు ముందే అడిగారు. మరి ఇప్పుడు లివర్ తక్కువ పంపాలంటే ఎక్కడ పట్టుకోవాలి? కొవ్వు ఇంకా మానేయాలా?

పాతకాపు:
మీ డాక్టరు చెప్పినదే చేయండి, నేను దిశ మాత్రం చెబుతాను. దారి మూయడం గురించి ఆలోచించకండి, లివర్‌లోకి వచ్చేదాన్ని తగ్గించండి. తీపి, ముఖ్యంగా ఫ్రక్టోజ్ ఉన్న తియ్యటి పానీయాలు మానాలి. ఫ్రక్టోజ్ లివర్‌లోకి వెళ్లాక గ్లూకోజ్‌కి ఉండే ఒక ముఖ్యమైన అదుపును దాటేసి కొవ్వు తయారీకి సులువుగా చేరుతుంది. మద్యం అలవాటుంటే పూర్తిగా ఆపాలి. బరువు ఎక్కువుంటే 5 నుంచి 10 శాతం తగ్గినా లివర్ కొవ్వు చెప్పుకోదగ్గట్టు తగ్గుతుంది. రోజూ నడక ఉండాలి. కొవ్వుని ఇంకా మానేసి ఆ లోటు పిండి పదార్థాలతో నింపితే ట్రైగ్లిజరైడ్లు పెరగొచ్చు కూడా. అన్నయ్య గారి విషయంలో అదే జరిగిందేమో డైటీషియన్‌తో కూర్చుని చూసుకోండి. ఎల్‌డీఎల్ కన్నా ట్రైగ్లిజరైడ్లు ఈ మార్పులకి త్వరగా స్పందిస్తాయి, కొన్ని వారాల్లోనే తేడా కనిపించొచ్చు.

మెడికో మొదటి ఏడాది:
చేప నూనె గురించి కూడా ఒక మాట సార్. ఒమేగా-3 కూడా కొవ్వే కదా. కొవ్వు అందితే అపో బి బతుకుతుందన్నారు, మరి ఒమేగా-3 ట్రైగ్లిజరైడ్లను ఎలా తగ్గిస్తుంది?

ల్యాబ్ కోటు:
ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. ఒమేగా-3 కొత్త కొవ్వు తయారీని కొంత తగ్గిస్తుంది. దానితో పాటు అపో బిని ఇంకో చోట పోగొడుతుంది. ఎలుకల్లో, కణాల్లో చేసిన పనుల్లో తేలిందేమిటంటే, ఈ ఫ్యాటీ ఆమ్లాలు తేలిగ్గా ఆక్సీకరణం చెందుతాయి. అలా పాడైన కొవ్వున్న రేణువు రెటిక్యులం దాటి వచ్చాక కూడా ముద్దకట్టి, ఆటోఫజీ (కణం తన భాగాలను తానే అరిగించుకోవడం) ద్వారా నాశనమవుతుంది. ఇందులో ప్రోటియాసోమ్‌కి పని లేదు. అంటే అపో బికి ఒకటికన్నా ఎక్కువ చోట్ల తనిఖీ ఉంది.

మెడికో మొదటి ఏడాది:
ఎలుకల ఫలితాలు మనుషులకి అలాగే వర్తిస్తాయా?

ల్యాబ్ కోటు:
కొంత జాగ్రత్తగా చూడాలి. మనిషి లివర్ అపో బి-100 మాత్రమే చేస్తుంది. 2,152 అమైనో ఆమ్లాల దగ్గర ఆగిపోయే పొట్టి అపో బి-48ని మన పేగు చేస్తుంది. జన్యువు ఒకటే, ఎంఆర్‌ఎన్‌ఏలో 6666వ స్థానంలో ఉన్న సి అక్షరం యూగా మారడంతో అక్కడ ఆపమనే సంకేతం పడుతుంది. ఎలుకల లివర్‌లో ఈ మార్పు జరుగుతుంది, మన లివర్‌లో జరగదు. కాబట్టి ఎలుక లివర్ మీద వచ్చిన పేపరు చదివేటప్పుడు వాళ్లు కొలిచింది 100నా, 48నా, రెండూ కలిపా అని ముందు పద్ధతుల భాగంలో వెతుకు. 48 పొట్టిది కాబట్టి కొవ్వు తక్కువున్నా నాశనం నుంచి తప్పించుకోవడం దానికి కాస్త సులువు. రెండూ కలిపి కొలిచిన పేపర్లలో అసలు ప్రభావం సగం కప్పబడిపోతుంది.